ఆగాల్సింది ఎవరు?



తుపాను రోజుల్లో బందరు తీరాన రేవు నంబర్లు తెలియని మనిషి ఉండడు. ఒకటో నంబరు పెట్టారంటే సముద్రంలో ఎక్కడో దూరాన వాయుగుండం పుట్టిందని అర్థం. మూడో నంబరంటే ఈదురుగాలులు రేవు మీదికే రావచ్చని. పదో నంబరు పెట్టాక గిలకలదిండి హార్బరులో బోట్ల తాళ్లు బిగించుకోవడం తప్ప వేరే పని ఉండదు. ఆ వరసలో పదకొండో నంబరు ఒకటుందని మాత్రం చాలామందికి తెలియదు. గాలి ఇంకా పెరిగిందని చెప్పే నంబరు కాదది. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడున్న అధికారికి మాత్రం పరిస్థితి ప్రమాదకరంగా కనిపిస్తోంది అని దాని భావం. కబురు అందకపోవడాన్ని కూడా ఒక ప్రమాదంగా లెక్కగట్టి, పెను ప్రమాదాల పక్కనే దానికో నంబరు వేసి పెట్టారు పెద్దలు.

కబుర్లలో ఏది ముందు, ఏది వెనక అన్న సంగతే ఇవాళ్టి ప్రసంగం. చోటు మాత్రం కాస్త ఇరుకు: ఆఫీసుల్లో గోడకు బిగించి ఉండే, చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు మిణుకుమనే ఇనప పెట్టె. దాని పేరు నెట్‌వర్క్ స్విచ్. చాలావాటిలో ‘క్వాలిటీ ఆఫ్ సర్వీస్’ అనే సెట్టింగులు ఒక పేజీలో ఉంటాయి. పొడి అక్షరాల్లో క్యూఓఎస్ అంటారు. కొన్న రోజు నుంచి పాడైపోయే రోజు దాకా ఆ పేజీ ఒక్కసారి కూడా తెరవని ఆఫీసులే ఎక్కువ.

గిలకలదిండి హార్బరు గేటు బయట చేపలు, రొయ్యలు కొని బయటి ఊళ్లకు పంపే వ్యాపారి ఆఫీసు ఒకటుందనుకుందాం. ఊహించుకున్న ఆఫీసే. కానీ గుడివాడ వైపు రొయ్యల కొనుగోలు కేంద్రంలో చూసినా, అవనిగడ్డలో ఓ నర్సింగ్ హోములో చూసినా, బందరులో రోల్డుగోల్డు నగల కార్ఖానాలో చూసినా సరంజామా దాదాపు ఇదే. ఇరవై నాలుగు పోర్టుల స్విచ్ ఒకటి. దానికి ఎనిమిది సీసీ కెమెరాలు, వాటి దృశ్యాలు దాచే రికార్డరు, నాలుగు ఐపీ ఫోన్లు, బిల్లులు కొట్టే కంప్యూటర్లు, కోల్డ్ స్టోరేజీ గది ఉష్ణోగ్రత చెప్పే సెన్సరు, గోడ మీద వైఫై డబ్బా. ఇన్నిటికీ బయటికి దారి మాత్రం ఒక్కటే, రూటరు అనే డబ్బా దాటి వెళ్లే 20 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ లైను.

తెల్లారేసరికి బోట్లు వస్తాయి, వేలం మొదలవుతుంది. వ్యాపారి చెన్నైలోని కొనుగోలుదారుతో ఫోనులో ధర మాట్లాడుతుంటాడు. సరిగ్గా అదే వేళకి రికార్డరు రాత్రి దృశ్యాలన్నీ క్లౌడుకు ఎక్కించడం మొదలుపెడుతుంది. ఇక చూడండి. “ఏమండీ, వినపడుతోందా? కిలో ఎంతన్నారు? మాట తెగిపోతోందండీ!” ఈలోగా పక్కవాడు పాట పెంచేసి సరుకు ఎత్తుకుపోతాడు. తర్వాత జరిగేది మామూలే: లైను ఇచ్చిన కంపెనీని నాలుగు తిట్టడం, ఇంకా పెద్ద ప్లానుకు డబ్బు కట్టడం. చాలాసార్లు ఆ రెండూ అక్కర్లేదు.

ఎందుకక్కర్లేదో లెక్క చూద్దాం. ఐపీ ఫోనులో జీ.711 అనే పాత, నమ్మకమైన పద్ధతిలో మాట్లాడితే సెకనుకు 50 ప్యాకెట్లు, అంటే సమాచారపు చిన్న పొట్లాలు, వెళ్తాయి. ఒక్కో ప్యాకెట్లో 20 మిల్లీసెకన్ల మాట ఉంటుంది. పైన అంటించే చిరునామాలతో కలిపి ఒక కాల్‌కు సెకనుకు సుమారు 87 కిలోబిట్లు. నాలుగు ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా 350 కిలోబిట్లు. ఇరవై మెగాబిట్లలో అది యాభయ్యో వంతు కూడా కాదు. చోటుకు కరువు లేదు. తంటా అంతా వరసలో ఉంది. క్లౌడుకు ఎక్కే ఫైలు టీసీపీ పద్ధతిలో నడుస్తుంది. దానికి మొహమాటం తెలియదు. ప్యాకెట్లు పోతున్నాయని తెలిసేదాకా వేగం పెంచుకుంటూనే ఉంటుంది. ఆ క్రమంలో రూటరులోని బఫర్, అంటే ప్యాకెట్లు తమ వంతు కోసం ఎదురుచూసే నిల్వ చోటు, అంచుదాకా నిండిపోతుంది. బఫర్ ఒక మెగాబైటు అనుకుంటే 80 లక్షల బిట్లు. 20 ఎంబీపీఎస్ లైనులో అవి ఖాళీ కావడానికి 0.4 సెకను పడుతుంది. పాపం, మాట ప్యాకెట్ వచ్చి ఆ వరస చివర నిలబడుతుంది.

అర సెకను లోపే కదా అనిపించవచ్చు. సంభాషణకు అది చాలా ఎక్కువ. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం జీ.114 అనే సిఫారసులో ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలామటుకు ఇబ్బంది తెలియదంది. 400 మిల్లీసెకన్లు దాటేలా నెట్‌వర్కును నిర్మించవద్దంది. మన ఊహా ఆఫీసులో ఒక్క రూటరు గుమ్మం దగ్గరే ఆ 400 ఖర్చయిపోయాయి. చెన్నై దాకా దారి ఇంకా మిగిలే ఉంది. మెమరీ చవకైందని పరికరాల్లో బఫర్లను అడ్డూ అదుపూ లేకుండా పెంచడం వల్ల వచ్చిన ఈ జబ్బుకు అమెరికన్ ఇంజనీరు జిమ్ గెటిస్ ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టాడు.

క్యూఓఎస్ చేసే పని ఇక్కడే. అది లైనును వెడల్పు చేయదు, ఒక్క బిట్టు కూడా కొత్తగా పుట్టించదు. ఉన్న వరసలో ఎవరు ముందుకు రావాలో, ఎవరు ఆగాలో తేలుస్తుంది. అందులోనూ రెండో ప్రశ్నే అసలైనది. ‘మా ఫోన్లకు ప్రాధాన్యం కావాలి’ అని అందరూ అంటారు. ‘మరి ఎవరిని ఆపమంటారు?’ అని అడిగితే గది నిశ్శబ్దమవుతుంది.

ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు, తంతి తీగలతోనే వచ్చింది. మన దేశంలో టెలిగ్రాం 1850లలో మొదలై 2013 జూలైలో ముగిసింది. ఆ రోజుల్లో తంతి ఆఫీసు బల్ల మీద మామూలు తంతి వేరు, ఎక్స్‌ప్రెస్ తంతి వేరు. ఎక్స్‌ప్రెస్‌కు రుసుము ఎక్కువ. మేనమామ రైలు దిగే వేళ చెప్పడానికి ఎవరూ ఎక్కువ డబ్బు కట్టరు గనక, ఎక్స్‌ప్రెస్ వరస ఎప్పుడూ పొట్టిగానే ఉండేది. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. ప్రాధాన్యం ఉచితమైతే ఏమవుతుందో కాసేపట్లో చూస్తాం.

సముద్రం మీద ఈ ప్రశ్నకు జవాబు చాలా ఖరీదుగా దొరికింది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ వైర్‌లెస్ గదిలో జాక్ ఫిలిప్స్ అనే ఆపరేటరు కేప్ రేస్ కేంద్రానికి ప్రయాణికుల ప్రైవేటు సందేశాలు పంపుతున్నాడు. అవి డబ్బు కట్టిన సందేశాలు. ముందురోజు యంత్రం పాడై పని పేరుకుపోయి ఉంది. పదకొండు గంటల ప్రాంతంలో దగ్గర్లోని కాలిఫోర్నియన్ ఓడ నుంచి సిరిల్ ఇవాన్స్ అనే ఆపరేటరు, చుట్టూ మంచు గడ్డలు, మేము ఆగిపోయాం అని కబురు పెట్టాడు. ఓడ దగ్గరగా ఉండడం వల్ల ఆ సంకేతం ఫిలిప్స్ చెవులు గింగిర్లెత్తేలా పడింది. పనికి అడ్డొస్తున్నావు, ఊరుకో అన్న ధోరణిలో అతను బదులిచ్చాడు. ఇవాన్స్ కాసేపు విని, తన యంత్రం కట్టేసి పడుకున్నాడు. పదకొండు గంటల నలభై నిమిషాలకు టైటానిక్ మంచుకొండను గుద్దుకుంది.

ఈ కథ అందరూ విన్నదే. ఇందులో ఒక చిన్న వివరం మాత్రం స్విచ్ సెట్ చేసేవాళ్లు ప్రత్యేకంగా వినదగ్గది. ఆ రోజుల్లో ఓడ కెప్టెనుకు తప్పక అందించాల్సిన సందేశానికి ముందు ‘ఎంఎస్‌జీ’ అనే మూడక్షరాల గుర్తు పెట్టేవారు. ఆ గుర్తు ఉంటే ఆపరేటరు దాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు. ఇవాన్స్ తన కబురుకు ఆ గుర్తు పెట్టలేదు, స్నేహితుడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. కబురు అత్యవసరమైనదే, దాని మీద చీటీ మాత్రం లేదు. ఆ ఆగస్టులోనే అమెరికా చేసిన రేడియో చట్టం, ఆపదలో ఉన్న ఓడల సంకేతాలకు మిగతా అన్నిటి మీదా పూర్తి ప్రాధాన్యం ఇవ్వాలని శాసించింది. ఈనాడు వీహెచ్‌ఎఫ్ సెట్టు ఉన్న ఏ బోటులోనైనా 16వ చానెల్ మీద ఇదే నియమం. ‘మేడే’ అన్న పిలుపు మూడుసార్లు వినపడితే మిగతావాళ్లంతా నోరు మూసుకుని వినాలి. దాని తర్వాతి మెట్టు ‘పాన్ పాన్’, ఆ తర్వాత వాతావరణం, నౌకాయాన భద్రత కబుర్లు. మామూలు ముచ్చట్లకు ఆ చానెల్లో చోటే లేదు.

ఇప్పుడు ఈ దారి తిన్నగా కంప్యూటర్లలోకి వస్తుంది. ఇంటర్నెట్ ప్రొటోకాల్‌ను 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో పత్రంగా వెలువరించినప్పుడు, ప్రతి ప్యాకెట్ నుదుట మూడు బిట్లు ప్రాధాన్యం కోసం కేటాయించారు. ఎనిమిది మెట్లు. కింది నుంచి వాటి పేర్లు రొటీన్, ప్రయారిటీ, ఇమ్మీడియట్, ఫ్లాష్... సైనిక తంతుల మీద వేసే ముద్రల పేర్లే ఇవి. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో పుట్టిన ఇంటర్నెట్ ఆ శాఖ తంతి ఆఫీసు అలవాటును కూడా తెచ్చుకుంది. తర్వాత 1998 డిసెంబరులో ఆ గడిని ఆరు బిట్లకు పెంచి డీఎస్‌సీపీ అన్నారు. 64 విలువలు వచ్చాయి. మాట ప్యాకెట్లకు వాటిలో 46 అనేది స్థిరపడింది. స్విచ్‌లు చదివే ఈథర్‌నెట్ చీటీలో మాత్రం ఇప్పటికీ మూడు బిట్లే, సున్నా నుంచి ఏడు దాకా. మాటకు సాధారణంగా 5 వాడతారు. ఇందులో ఒక వింత: ఒకటి అనేది సున్నా కన్నా కింది మెట్టు. ఏ గుర్తూ లేని మామూలు ప్యాకెట్‌ది సున్నా కాబట్టి, దానికన్నా తక్కువైన ‘తీరిగ్గా వెళ్లే సరుకు’కు ఒకటి ఇచ్చారు. ఒకటి పెట్టి పైకి తెచ్చాననుకుని తన బిల్లింగ్ కంప్యూటర్‌ను అందరికన్నా వెనక్కి తోసుకున్నవాళ్లు ఉంటారు.

చీటీ వేయడం సులువే. ఆ చీటీని నమ్మాలా వద్దా అన్నదే చిక్కు. తంతికి రుసుము ఉండేది, ప్యాకెట్‌కు లేదు. కంప్యూటరులో ఏ ప్రోగ్రామైనా తన ప్యాకెట్ల మీద 46 అని రాసుకోవచ్చు, ఆటలు ఆడే పిల్లవాడి ల్యాప్‌టాప్ సహా. అందుకే స్విచ్‌లో ఒక్కో పోర్టుకు ‘ట్రస్ట్’ అనే సెట్టింగు ఉంటుంది. ఐపీ ఫోను తగిలించిన పోర్టులో వచ్చే చీటీని నమ్ము, కెమెరా పోర్టులోది నమ్మకు, అతిథుల వైఫై నుంచి ఏం రాసుకొచ్చినా చెరిపి సున్నా వెయ్యి. ఫోన్లన్నిటినీ వేరే వీల్యాన్‌లో, అంటే ఒకే తీగ మీద నడిచే వేరే గదిలో పెడితే ఈ పని ఇంకా తేలిక. అందరి చీటీలనూ నమ్మేస్తే ఎవరి చీటీకీ విలువ ఉండదు.

ఇక చీటీలు చూశాక స్విచ్ ఏం చేస్తుంది? ప్రతి పోర్టు గుమ్మం దగ్గరా నాలుగో ఎనిమిదో వరసలు పెట్టుకుంటుంది. ఏ వరస నుంచి ఎప్పుడు తీయాలన్నదానికి రెండు పద్ధతులున్నాయి. వాటిని కృష్ణా డెల్టా రైతుకు వేరేగా చెప్పనక్కర్లేదు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు బందరు, నాగాయలంక, కృత్తివెన్ను శివారు పొలాలకు చేరేలోపు ఎగువ తూములన్నీ తమ కడుపు నింపుకుంటాయి. ఎగువవాడికి తృప్తి తీరాకే దిగువకు అనుకుంటే, నీటి ఎద్దడి ఏట శివారు నారుమడి ఎండిపోవడం ఖాయం. స్విచ్‌లో దీని పేరు స్ట్రిక్ట్ ప్రయారిటీ: పై వరసలో ఒక్క ప్యాకెట్ మిగిలున్నా కింది వరస ముట్టుకోదు. రెండోది వంతుల పద్ధతి. ఈ కాలువకు ఇన్ని రోజులు, ఆ కాలువకు ఇన్ని రోజులు. స్విచ్ కూడా అలాగే ఈ వరస నుంచి నాలుగు, దాన్నుంచి రెండు, మరోదాన్నుంచి ఒకటి తీస్తూ తిరుగుతుంది. దీన్ని వెయిటెడ్ రౌండ్ రాబిన్ అంటారు. వేసవిలో ఇంజనీర్లు ఏం చేస్తారు? ముందు తాగునీటి చెరువులు నింపడానికి కాలువలు వదులుతారు, ఆ నీటిని పొలాలకు మళ్లించనివ్వరు. సాగునీటికి వంతులు తర్వాతి మాట. తెలిసినవాడు సెట్ చేసిన స్విచ్ కూడా సరిగ్గా ఇదే చేస్తుంది: మాటకు మాత్రం స్ట్రిక్ట్ ప్రయారిటీ, మిగతావాటికి వంతులు. ఆ పై వరస కూడా లైనులో మూడో వంతుకు మించి తినకుండా హద్దు పెట్టమని సిస్కో వంటి తయారీదారుల సలహా.

వంతుల లెక్క పైకి కనిపించేంత తేలిక కాదు. ప్యాకెట్లన్నీ ఒకే సైజులో ఉండవు. ఒక్కో వరస నుంచి ఒక్కో ప్యాకెట్ తీస్తే, 1500 బైట్ల ప్యాకెట్లు పంపేవాడు 200 బైట్లవాడి కన్నా ఏడెనిమిది రెట్లు లాభపడతాడు. న్యాయంగా పంచడం ఎలాగో 1989లో అలన్ డెమర్స్, శ్రీనివాసన్ కేశవ్, స్కాట్ షెంకర్ ఒక పద్ధతి చూపారు. అది బాగుంది కానీ లెక్క ఎక్కువ. వేగంగా నడిచే స్విచ్‌కు సరిపోయే సులువైన దారిని 1995లో ఎం. శ్రీధర్, జార్జ్ వర్గీస్ చూపించారు: ప్రతి వరసకూ ఇన్ని బైట్లని ఒక ఖాతా, ఈ వంతులో వాడుకోలేక మిగిలింది వచ్చే వంతుకు జమ. మన వ్యాపారి స్విచ్‌లో ఉండేది చాలామటుకు ఈ తరహా లెక్కే.

రేడియో వింటున్నవాళ్లకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఆకాశవాణిలో పాట సగంలో ఉన్నా ఆపి తుపాను హెచ్చరిక చదవవచ్చు. మామూలు స్విచ్‌కు ఆ వీలు లేదు. గుమ్మం దాటడం మొదలుపెట్టిన ప్యాకెట్ పూర్తిగా దాటాల్సిందే, ఎంత ముఖ్యమైనది వెనక నిలబడినా సరే. గిగాబిట్ లైనులో 1500 బైట్ల ప్యాకెట్ దాటడానికి 12 మైక్రోసెకన్లే గనక ఎవరికీ పట్టదు. అదే ఒక మెగాబిట్ లైనైతే 12 మిల్లీసెకన్లు, అప్పుడు పడుతుంది. ప్యాకెట్‌ను మధ్యలో ఆపి ముఖ్యమైనదాన్ని పంపే ప్రమాణం 2016లో వచ్చింది. కర్మాగారాల్లో యంత్రాలను నడిపే నెట్‌వర్కుల కోసం చేసినది, చేపల ఆఫీసుకు దాని అవసరం రాదు.

మాటే అన్నిటికన్నా పైన ఉంటుందని అనుకోకూడదు. ఎనిమిది మెట్లలో ఆరు, ఏడు నెట్‌వర్కు తన కోసం తాను అట్టిపెట్టుకుంటుంది. రూటర్లు ఒకదానికొకటి ‘నేను బతికే ఉన్నాను’ అని చెప్పుకుంటూ ఉంటాయి. ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో మామూలుగా పది సెకన్లకోసారి ఆ పలకరింపు పోతుంది. నలభై సెకన్లు పలకరింపు రాకపోతే పక్క రూటరు పోయిందని తేల్చేసి, దారులన్నీ మళ్లీ లెక్కగట్టడం మొదలుపెడతాయి. తీగ బాగానే ఉండి, రద్దీలో ఆ చిన్న ప్యాకెట్లు ఇరుక్కుపోతే ఏమవుతుంది? బతికున్న దారిని చచ్చిందనుకుని ట్రాఫిక్ అంతా ఇంకో దారి మీద పడుతుంది, ఆ దారి కూడా కుంగుతుంది. రేవు పట్టికలో పదకొండో నంబరు వేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు: మౌనం ఎందుకొచ్చిందో దూరం నుంచి తెలియదు, ప్రమాదమనే అనుకోవాలి. అందువల్ల యజమాని ఫోను కదా అని దాన్ని ఏడో మెట్టు మీద కూర్చోబెట్టడం మర్యాద అనిపించుకోదు, గొడవ తెచ్చుకోవడం అవుతుంది. కోల్డ్ స్టోరేజీ సెన్సరు సంగతి వేరు. నిమిషానికి నాలుగు ముక్కలు పంపే దానికి ఎంత పెద్ద పీట వేసినా ఎవరికీ నష్టం లేదు. చిన్న సరుకు, పెద్ద విలువ. ఇలాంటివి వెతికి పట్టుకోవడంలోనే సెట్ చేసేవాడి నేర్పు ఉంటుంది.

ఇంత చేశాక కూడా ‘క్యూఓఎస్ పెట్టాం, ఏమీ మారలేదు’ అనే ఫిర్యాదు సర్వసాధారణం. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. స్విచ్ నుంచి రూటరుకు ఉన్న తీగ గిగాబిట్. కెమెరాలు, ఫోన్లు అన్నీ కలిసినా ఆ తీగలో పదో వంతు నిండదు. వరసే ఏర్పడని చోట వరస నియమాలు ఎన్ని పెడితే ఏం లాభం? ఇరుకు మొదలయ్యేది రూటరు దాటాక, 20 ఎంబీపీఎస్ లైను గుమ్మంలో. కాబట్టి అసలు ప్రాధాన్యం అక్కడ అమలు కావాలి. అందులోనూ ఒక కిటుకుంది: రూటరును 20 కాకుండా 18 ఎంబీపీఎస్‌కే పంపమని బిగించాలి. రెండు వదులుకున్నట్టు కనిపిస్తుంది. కానీ అప్పుడు వరస మన రూటరులో, మన నియమాల కింద ఏర్పడుతుంది. లేకపోతే లైను కంపెనీ మోడెములో ఏర్పడి మన చీటీలేవీ పనికిరాకుండా పోతాయి. స్విచ్‌లోని సెట్టింగు నిజంగా అక్కరకొచ్చేది ఇరవై నాలుగు పోర్టులూ కలిసి ఒక్క గిగాబిట్ తీగలోంచి పక్క భవనంలోని ఇంకో స్విచ్‌కు పోవాల్సి వచ్చినప్పుడు. కాలేజీలు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీల్లో పరిస్థితి ఇదే. ఇక బయటి నుంచి లోపలికి వచ్చే ట్రాఫిక్ మీద మన పెత్తనం తక్కువ. అది మన గుమ్మం చేరేసరికే ఇరుకు దాటి వచ్చి ఉంటుంది.

అవతలి కంపెనీ మన 46ను గౌరవిస్తుందా? బహిరంగ ఇంటర్నెట్టులో సాధారణంగా గౌరవించదు. తన సొంత సేవలకు మాత్రం అదే పద్ధతి వాడుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌నే తీసుకోండి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ప్రారంభించిన ఆ పథకం, కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు లాగి, నెలకు 149 రూపాయలకు టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తామని ఊళ్లలోకి వచ్చింది. మూడూ ఒకే పోగులో వస్తాయి. పక్క గదిలో సినిమా డౌన్‌లోడ్ అవుతుంటే ఈ గదిలో టీవీ బొమ్మ ముక్కలు కాకూడదన్నా, ఫోనులో మాట తెగకూడదన్నా, మూడింటికీ వేర్వేరు మెట్లు తప్పవు. జీపాన్ అనే పద్ధతిలో నడిచే ఇలాంటి ఫైబర్లలో పదుల ఇళ్లు ఒకే పోగును పంచుకుంటాయి. ఇంటి నుంచి పైకి పంపేటప్పుడు ఏ ఇంటి డబ్బా ఎప్పుడు మాట్లాడాలో అవతలి కేంద్రమే వంతు వేస్తుంది. ఫోనుకు ముందే రాసిపెట్టిన వంతు ఇవ్వవచ్చు. మామూలు అప్‌లోడ్లకు మిగిలినదాంట్లో పంపకం.

మరి కంపెనీ తనకు నచ్చిన వెబ్‌సైటును ముందు పంపి, నచ్చనిదాన్ని వెనక్కి నెడితే? 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కో సైటుకు ఒక్కో ధర పెట్టడాన్ని నిషేధించింది. 2018 జూలైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ, అంటే అన్ని సైట్ల ట్రాఫిక్‌నూ సమానంగా చూడాలనే, సూత్రాలను ఆమోదించింది. అత్యవసర సేవలకు, కొన్ని ప్రత్యేక సేవలకు మాత్రం వెసులుబాటు ఉంచారు. వ్యాపారి తన ఆఫీసులో తన కెమెరాలను ఆపుకోవడం అతని ఇష్టం. లైను అమ్మేవాడు ఊరందరి ట్రాఫిక్‌లో ఎవరు ఆగాలో చాటుగా తేల్చడం వేరే వ్యవహారం. సాంకేతికంగా చూస్తే రెండూ అదే వరస మార్చే పని.

ఈ తీరంలో ప్రాధాన్యం గురించి మాట్లాడుతూ 1977ను దాటిపోలేం. ఆ నవంబరు 19న వచ్చిన తుపానుకు దివిసీమ మీద సముద్రం ఇళ్ల ఎత్తున లేచింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పోయిన ప్రాణాలు పది వేల పైమాటే. తంతి తీగలు, టెలిఫోను స్తంభాలు కూలాయి, రోడ్లు తెగాయి. అక్కడ ఏం జరిగిందో బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. తీగే లేనప్పుడు ‘ఫ్లాష్’ అన్న ముద్ర దేని మీద వేస్తారు? క్యూఓఎస్ అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. ప్రాధాన్యానికి ముందు కావలసింది రెండో దారి. అలాంటి దారి ఒకటి ఇప్పుడు ఫోన్లలోకి వచ్చింది. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమని అరిచి ప్రయోగాత్మక హెచ్చరిక చూపించాయి, గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఒక్కో ఫోనుకు ఒక్కో సందేశం పంపకుండా, టవరు కింద ఉన్న అందరికీ ఒకేసారి కేక వేసే పద్ధతి. మామూలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు నిలబడే వరసలో అది నిలబడదు కాబట్టి రద్దీ దాన్ని ఆపలేదు.

తిరిగి మన ఆఫీసు. సెట్టింగు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి నిపుణుణ్ని పిలవనక్కర్లేదు. రికార్డరు బ్యాకప్పు జోరుగా నడుస్తున్నప్పుడు ఫోను చేసి మాట్లాడి చూడాలి. తర్వాత రూటరు, స్విచ్‌ల పేజీలు తెరిచి, ఒక్కో వరసలో ఎన్ని ప్యాకెట్లు చోటు లేక రాలిపోయాయో చూపించే లెక్క చూడాలి. మాట వరసలో పోయినవి సున్నా ఉండి, బ్యాకప్పు వరసలో వందలు కనిపిస్తే కంగారు పడవద్దు, అలాగే ఉండాలి. టీసీపీ పోయినవాటిని మళ్లీ పంపుకుంటుంది. అన్ని వరసల్లోనూ సున్నాలే ఉండి ఫోనులో మాట తెగుతుంటే, ఇరుకు అక్కడ లేదన్నమాట, ఇంకో గుమ్మంలో వెతకాలి. వైఫై మీద మాట్లాడే ఫోనైతే ముందు అనుమానించాల్సింది ఆ వైఫై డబ్బానే. ఇవన్నీ విని, ఇంత తతంగం మావల్ల కాదు అనుకునే వ్యాపారికి ఇంకో మార్గం ఉంది. రికార్డరు మెనూలో బ్యాకప్పు వేళను వేలం లేని సమయానికి, రాత్రి రెండు గంటలకు మార్చుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.